సూపరింటెండెంటు సమక్షంలో

మా పెళ్లికి జాతకాలు కుదిరాయి. రెండు వైపుల పెద్దలూ ఒకే బంతిలో కూర్చుని భోంచేసి, ఒకరి పప్పుని ఒకరు మెచ్చుకున్నారు కూడా. కలవనివల్లా రెండే. ఒకటి నా కుక్క, రెండోది ఆవిడ పిల్లి. అవి కలవలేదని నేను గానీ, మా ఆవిడ గానీ, ఆ మాటకొస్తే ఆ కుక్కా పిల్లీ గానీ ఎవరి దగ్గరా మొరపెట్టుకోలేదు. ఆ లోటుని కనిపెట్టింది మా మునిసిపాలిటీ.

నా పేరు భాస్కరం. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. నలభై దాటాక ఇక నాకు పెళ్లేమిటిలే అని ఒక కుక్కని తెచ్చుకున్నాను. పేరు రాయుడు. పేరు చూసి మోసపోకండి, పెరట్లో కొబ్బరిమట్ట రాలితే మంచం కింద దూరే రకం. హైమవతి పోస్టాఫీసులో పనిచేస్తుంది. తనూ నాలాగే ఇక పెళ్లేమిటిలే అనుకుని ఒక పిల్లిని పెంచుకుంది. దాని పేరు తాయారు. ఏ యుద్ధంలోనో ఒక చెవి సగం పోగొట్టుకుని, మిగిలిన చెవిన్నరతో వీధి మొత్తాన్నీ ఏలుతుంది. పశువుల ఆస్పత్రి వరండాలో రాయుడికి టీకా కోసం నేనూ, తాయారుకి కడుపునొప్పి మందు కోసం ఆవిడా వరసలో నిలబడ్డాం. తాయారు బుట్టలోంచి ఒక చూపు చూసింది. రాయుడు నా పంచెలో తల దాచుకున్నాడు. ఆ పంచె ఊడకుండా పట్టుకోవడంలో హైమవతి సాయం చేసింది. తరవాతి సంగతి పెద్దలు చూసుకున్నారు.

తప్పు నాదే. డ్రాయింగు మాస్టారిని కదా, శుభలేఖ మీద బొమ్మ నేనే వేస్తానన్నాను. అందరూ వేసే వినాయకుడికి బదులు ఒక పక్క కుక్కనీ, ఒక పక్క పిల్లినీ వేసి, రెండింటి మెడలోనూ దండలు వేశాను. ఆ శుభలేఖని మునిసిపాలిటీలో అందరికీ పంచాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కమిషనరు గారు ఎక్కడో జంతు సామరస్యం మీద జరిగిన సదస్సుకి వెళ్లొచ్చారు. మురిక్కాలవలంటారా, అవి ఆయనకి ముందు కూడా ఉన్నాయి, ఆయన తరవాతా ఉంటాయి. సామరస్యం కొత్తది. వస్తూనే 'పెంపుడు జంతువుల పరస్పర పరిచయ విభాగం' అని ఒకటి తెరిచి, ఒక నిబంధన విడుదల చేశారు. కుక్కనీ పిల్లినీ ఒకే కప్పు కింద ఉంచగోరే గృహస్థులు వాటిని శాస్త్రోక్తంగా పరిచయం చేయించి ధ్రువపత్రం పొందవలెను. పొందనిచో రెంటిలో ఒకదానిని మునిసిపాలిటీ స్వాధీనపరచుకొనును. దేనినన్నది కమిటీవారి విచక్షణ. యజమాని వేరే ఇంట కాపురముండి జంతువును ఒంటరిగా వదలుట కూడా నేరమే.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ నిబంధన వచ్చి మా పెళ్లి మీద పడింది. ఊళ్లో కుక్కా పిల్లీ ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లెవరూ బొమ్మ గీసి ఆఫీసుకి పంచలేదు.

పెళ్లయిన మర్నాటి నుంచి నేను రాయుడితో మార్కెట్టు వెనక మా ఇంట్లో, హైమ తాయారుతో స్టేషను వీధిలో తన అద్దె వాటాలో కాపురం పెట్టాం. పొద్దున్నే ఇడ్లీ హోటల్లో కలుసుకునేవాళ్లం. సర్వరు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వేవాడు. ఆవిడ మెడలో తాళి కనబడుతూనే ఉంది గానీ, అది కట్టిందెవరన్నదే వాడి అనుమానం.

"ఏవండీ, ఇంకెన్నాళ్లిలా చట్నీ గిన్నెకి అటొకళ్లం ఇటొకళ్లం?" అంది హైమ. "ఆ ఆఫీసుకెళ్లి అడగండి. మీకు నోరు లేకపోతే నేనొస్తాను."

వెళ్లాను. విభాగం సూపరింటెండెంటు ఓలేటి నరసింగరావు గారు. భారీ మనిషి, మెత్తటి మనసు, చేతిలో ఎప్పుడూ నశ్యం డబ్బా. ఆయనకో అలవాటుంది. కుర్చీలో ఉన్నంతసేపూ ఆఫీసు భాష మాట్లాడతారు. కుర్చీలోంచి లేస్తే మామూలు మనిషైపోతారు.

"మీ అర్జీ అందినది. ప్రక్రియ మూడు దశలలో జరుగును," అన్నారు కుర్చీలోంచి. "ప్రథమ దశ వాసనల మార్పిడి. ద్వితీయ దశ తలుపు సందు చూపులు. తృతీయ దశ ముఖాముఖి సమావేశము."

"అవి ఆస్పత్రిలో ఒకదాన్నొకటి చూసేసుకున్నాయండి."

"అది అనధికార దర్శనము. ఈ మాట ఇంకొకచోట అనకుడు. మీకే నష్టము." నశ్యం ఒక పట్టు పట్టి, ఘనంగా తుమ్మి చెప్పారు. "కుక్క పరుండిన తువ్వాలు ఒకటి, పిల్లి పరుండిన తువ్వాలు ఒకటి కార్యాలయమునకు దాఖలు చేయవలెను. కుక్క తువ్వాలు పిల్లికిని, పిల్లి తువ్వాలు కుక్కకును పంపబడును. సదరు తువ్వాలుపై అన్నము పళ్లెము ఉంచి భోజనము పెట్టినచో, ఆ వాసన యెడల ప్రీతి కలుగునని శాస్త్రము."

శాస్త్రం బాగానే ఉంది. "అయితే మేమిద్దరం రేపు ఇడ్లీ హోటల్లో మార్చుకుంటామండి," అన్నాను.

ఆయన అదిరిపడ్డారు. "ప్రైవేటు వ్యక్తులు వాసనలను నేరుగా మార్చుకొనుటయా! ఏ వాసన ఎవరిదో ధ్రువీకరించువారెవరు?" అని, లేచి నా భుజం మీద చెయ్యేసి, "ఎందుకు మాస్టారూ లేనిపోని గొడవ? ఇక్కడ పడేసి వెళ్లండి, నేను చూసుకుంటాగా," అన్నారు.

పడేసి వచ్చాం. వారాలు గడిచాయి. తువ్వాళ్ల సంగతేమైందని మళ్లీ వెళ్లేసరికి నరసింగరావు గారి భుజం మీద నీలం చారల తువ్వాలు ఉంది. అది మా రాయుడిది. ఆయన తుమ్మి, ముక్కు తుడుచుకున్న గులాబీ రంగు తువ్వాలు తాయారుది.

"అవి మావి కదండీ?" అన్నాను.

"దాఖలైన వస్తువు అధికారి కస్టడీలో ఉండవలెను. బల్ల మీద పెట్టినచో ఎవరైనా పట్టుకుపోరా? నా ఒంటి మీదను మించిన భద్రత ఈ భవనములో లేదు."

మొత్తానికి సంతకాలన్నీ పూర్తయి, లక్క ముద్ర వేసిన సంచిలో తాయారు తువ్వాలు మా ఇంటికొచ్చింది. సంచి విప్పగానే నేను తుమ్మాను. పళ్లెం కింద పరిచి, రాయుడికి పెరుగన్నం పెట్టాను. వాడు మూతి పెట్టాడు, వరసగా తుమ్మాడు, తిన్నాడు. మర్నాడు హోటల్లో హైమ చెప్పింది. "తాయారు కూడానండీ! తుమ్ముతుంది, తింటుంది. మళ్లీ తుమ్ముతుంది."

క్రమంగా రాయుడికి ఆ తువ్వాలంటే ప్రాణం లేచొచ్చేది. దాన్ని నోట కరుచుకుని ఇల్లంతా తిరిగేవాడు. తాయారు దాని మీద తప్ప పడుకునేది కాదట. శాస్త్రం పనిచేస్తోందని మేం మురిసిపోయాం. మా ఇద్దరికీ తట్టనిదొక్కటే. ఆ తువ్వాళ్లలో కుక్క వాసన గానీ, పిల్లి వాసన గానీ ఏనాడో పోయింది. రాయుడి లెక్కలో పిల్లి అంటే నరసింగరావు గారు. తాయారు లెక్కలో కుక్క అన్నా ఆయనే.

రెండో దశకి చిక్కొచ్చి పడింది. "మీ ఇళ్లు వేర్వేరు వీధులలో ఉన్నవి. కావున మీకు ఉమ్మడి తలుపు లేదు. తలుపు లేనిదే సందు లేదు," అన్నారు నరసింగరావు గారు.

"అయితే ఒక ఇంట్లో కలిసుంటామండి."

"ధ్రువపత్రము లేక ఎట్లు కలిసియుందురు?"

కమిషనరు గారు చొరవ తీసుకున్నారు. పాత పాఠశాల భవనం తాలూకు ద్వారబంధం ఒకటి రిక్షా మీద వేయించి, తలుపుతో సహా మునిసిపల్ పార్కు మధ్యలో నిలబెట్టించారు. చుట్టూ గోడల్లేవు, పైన కప్పు లేదు. గడ్డిలో ఒంటరిగా ఒక తలుపు. దాన్ని నాలుగు వేళ్ల సందు తెరిచి, ఇటు రాయుడితో నేనూ, అటు తాయారుతో హైమా కూర్చున్నాం. ఊరు ఊరంతా వచ్చింది. శనగలబండి వాడు కూడా వచ్చి వేడిగా అమ్ముకుంటున్నాడు. చాలా రోజుల తరవాత హైమని హోటల్లో కాకుండా చూడటం వల్ల నేను సందులోంచి అదేపనిగా చూశాను. కుక్కా పిల్లీ మాత్రం సందు వంక చూడలేదు. రెండూ తలెత్తి, తలుపు పడిపోకుండా పట్టుకుని నిలబడ్డ నరసింగరావు గారినే కన్నార్పకుండా చూశాయి. రాయుడు తోక ఊపాడు. తాయారు గుర్రుగుర్రుమంది.

"చూపులు సంతృప్తికరము," అని కమిషనరు గారు రాయించారు.

మూడో దశ సమావేశం మా ఇంట్లో. పెద్దలు చూపులకొస్తున్నారంటే మనకి తెలిసిన మర్యాద ఒక్కటే కదా. హైమ పొద్దున్నే వచ్చి రవ్వకేసరి కలిపింది, అరటికాయ బజ్జీలు వేసింది. తాయారు బుట్టని వాకిట్లోనే ఉంచి, హాల్లో చాప పరిచాం. కమిషనరు గారు కుర్చీలో, పక్కన నరసింగరావు గారు. బజ్జీలు రెండో వాయి అయ్యాక కమిషనరు గారు మూతి తుడుచుకుని, "ఇక ప్రవేశపెట్టండి," అన్నారు.

నేను పెరటి తలుపు తీశాను. హైమ వీధి వైపు బుట్ట మూత తీసింది. ఇక్కడ రక్తం కళ్లజూసే పరిస్థితి వస్తే రెంటిలో ఒకటి మునిసిపాలిటీ పాలవుతుంది. హైమ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడో నేనడగలేదు.

రాయుడు దూసుకొచ్చాడు. తాయారూ దూసుకొచ్చింది. రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి నరసింగరావు గారి మీదికి ఎగిరాయి. రాయుడు ఆయన ఒళ్లో వెల్లకిలా పడి పొట్ట చూపించాడు. తాయారు ఆయన మెడ చుట్టూ కండువాలా పడుకుని గుర్రుపెట్టింది. ఆయన ఉక్కిరిబిక్కిరై నశ్యం డబ్బా వదిలేశారు. గది గదంతా తుమ్మింది. తుమ్మినకొద్దీ వాటికి అన్నం వేళయిందన్న సంబరం.

"అద్భుతం!" కమిషనరు గారు లేచి నిలబడ్డారు. ఆయన మాత్రం నిలబడ్డా ఆఫీసు భాష వదలరు. "జాతివైరము సమూలముగా నశించినది! అయినను ఒక సందేహము. నరసింగరావు గారూ, మీరొక్క పర్యాయము వెలుపలికి వెళ్లుడు."

ఆయన రెండు జీవాలనీ విడిపించుకుని వాకిట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. కుక్కా పిల్లీ ఆ తలుపు దాకా పరిగెత్తాయి. అక్కడ, ఆ రోజుకి మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తాయారు ఒళ్లు ఉబ్బించి బుస్సుమంది. రాయుడు కుయ్యోమని వచ్చి నా పంచెలో దూరాడు. ఈసారి పట్టుకోవడానికి హైమ దూరంగా ఉంది.

"లోనికి రండు!" అన్నారు కమిషనరు గారు. నరసింగరావు గారు వచ్చారు. మళ్లీ శాంతి. "వెలుపలికి!" యుద్ధం. "లోనికి!" శాంతి. బజ్జీలు అయిపోయేదాకా ఆ పరీక్ష సాగింది. పాపం నరసింగరావు గారు గుమ్మంలో తిరగలేక ఆయాసపడుతూ, "నేనెటు ఉండాలో ఒకటే చెప్పండి సార్," అని బతిమాలుకున్నారు.

చెప్పారు. వారంలోనే ధ్రువపత్రం వచ్చింది. 'సదరు శునకము మరియు మార్జాలము సూపరింటెండెంటు సమక్షములో సామరస్యముతో మెలగుచున్నందున, సూపరింటెండెంటు సమక్షములో మాత్రమే ఒకే కప్పు కింద నివసించుటకు అనుమతించడమైనది. ప్రజాహితము దృష్ట్యా, సూపరింటెండెంటును తదుపరి ఉత్తర్వుల వరకు సదరు గృహమునకు డెప్యుటేషనుపై పంపడమైనది. ఆదివారములు మరియు ప్రభుత్వ సెలవులు వర్తించును.'

సోమవారం పొద్దున్న ఇంటి ముందు రెండు రిక్షాలు ఆగాయి. ఒకదాంట్లోంచి సామాన్లతో హైమ దిగింది. రెండోదాంట్లోంచి పరుపుచుట్టతో నరసింగరావు గారు దిగారు.

"ఏం చేస్తామండీ, డ్యూటీ," అన్నారు గుమ్మంలో నిలబడి, సిగ్గుపడుతూ. కొత్త కోడలి కన్నా ఆయనే ఎక్కువ సిగ్గుపడ్డారు. హారతి ఇవ్వడానికి వచ్చిన మా పిన్ని, పళ్లెం ఎవరికి తిప్పాలో తెలియక చివరికి ఇద్దరికీ కలిపి తిప్పింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి వరమిచ్చి, వరంతో పాటు తనూ వచ్చేశాడు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. కసిరి పంపేద్దామంటే నోరు రాదు. ఆయన కూరలు తరిగేవారు, నీళ్లు తోడేవారు. అయితే జంతువులు రెండూ ఆయన కంటికి ఆనాలి కాబట్టి మా గది తలుపు వేసుకోవడానికి వీల్లేదు. నేను హైమతో ఒక మాట చెబుదామని అరుగు మీద కూర్చుంటే, రాయుడు వచ్చేవాడు. వాడి వెనక తాయారు. వాటి వెనక ఆయన.

"మీరు మాట్లాడుకోండి మాస్టారూ. నేను విననట్టే అనుకోండి," అనేవారు, మా ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చుంటూ.

ఒకరోజు హైమకి సహనం చచ్చింది. "పెళ్లి నాకూ మీకూ అయిందా, నాకూ మునిసిపాలిటీకీ అయిందా?" అని నా మీద గరిటె ఎత్తింది. ఆ సాయంత్రం నరసింగరావు గారు ఆఫీసుకి రాసిన నివేదిక నాకు చదివి వినిపించి మరీ పంపారు. 'దంపతుల మధ్య వాగ్వాదము జరిగినది. జంతువులు ప్రశాంతము.'

కమిషనరు గారికి అర్జీ పెట్టుకున్నాను. 'సామరస్యము నెలకొన్న గృహమును భగ్నము చేయుట మా విధానము కాదు' అని జవాబొచ్చింది.

మొదటి ఆదివారం ఆయన తన కుటుంబాన్ని చూసుకోవడానికి తుని వెళ్లారు. ఆయన లేని ఇంట్లో కుక్కా పిల్లీ కలిసి ఉండకూడదు కదా. చట్టప్రకారం హైమ తాయారుని బుట్టలో పెట్టుకుని ఇంకా ఖాళీ చెయ్యని తన పాత వాటాకి వెళ్లిపోయింది. ఆయనుంటే మాకు ఏకాంతం లేదు, లేకపోతే కాపురం లేదు. ఇడ్లీ హోటలు సర్వరు మళ్లీ నవ్వాడు.

తరవాత రెండో శనివారం వచ్చింది. శని, ఆదివారాలు కలిసొచ్చాయని నరసింగరావు గారు ముందు రోజే పెట్టె సర్దుకున్నారు. వెళుతూ, "మరి మేడమ్ గారినీ పిల్లినీ పంపించేయండి మాస్టారూ, నా మీదకి రానివ్వకండి," అని హెచ్చరించి బస్సెక్కారు.

హైమ బుట్ట తీసింది. తాయారు కనబడదు. అటక మీద లేదు, బియ్యం డబ్బా వెనక లేదు. రాయుడూ కనబడటం లేదని అప్పుడు గమనించాం. పరిగెత్తుకుంటూ హాల్లోకి వెళ్లి చూశాం. నరసింగరావు గారి పరుపుచుట్ట పక్కన రాయుడు కాళ్లు బారజాపి నిద్రపోతున్నాడు. వాడి పొట్ట మీద తల పెట్టి తాయారు నిద్రపోతోంది. ఒకే ఒళ్లో అన్నాళ్లు ఒరుసుకుని పడుకున్నాక ఏది ఎవరి వాసనో వాటికే గుర్తు లేనట్టుంది. తాయారు నిద్రలోనే వాడి చెవి ఒకసారి నాకింది. ఆ రాయుడు, కొబ్బరిమట్టకి జడిసే రాయుడు, కదలను కూడా లేదు.

హైమ బుట్ట కింద పెట్టేసింది. తరవాత మెల్లిగా, "తలుపు వేసెయ్యండి," అంది.

వేశాను. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది, దాచుకోను. ఆ రెండు రోజులూ మేం నలుగురం ఇల్లు కదల్లేదు. హైమ పులిహోర కలిపింది. నేను తన బొమ్మ వేశాను, ముక్కు కుదరలేదని పోట్లాడింది. ఆ పోట్లాటని ఎవరూ నివేదికలో రాయలేదు.

"పోనీ కమిషనరు గారికి చెప్పేద్దామా, వీటికి పరిచయమైపోయిందని?" అన్నాను ఆదివారం సాయంత్రం.

"మీకేమైనా మతిపోయిందా? సూపరింటెండెంటు సమక్షంలో జరగని పరిచయం చెల్లదంటారు. మళ్లీ తువ్వాళ్ల దగ్గర్నుంచి మొదలెడతారు. మళ్లీ ఆ తలుపుని పార్కులో నిలబెడతారు." హైమ నా నోటి మీద వేలు పెట్టింది. "మాట్లాడకండి. ఎవరితోనూ అనకండి. సోమవారం పొద్దున్న నేను బుట్ట పట్టుకుని రిక్షాలో వచ్చినట్టు వీధి చివర నుంచి నడిచొస్తాను."

అప్పటి నుంచీ మా కాపురం ప్రభుత్వ సెలవుల జాబితా ప్రకారం నడుస్తోంది. కొత్త కేలండరు రాగానే హైమ ముందు ఎర్రంకెలు లెక్కపెడుతుంది. శ్రీరామనవమికి పానకం చేస్తుంది. గుడ్ ఫ్రైడేకి గుమ్మం కడుగుతుంది. రంజాను నెలవంక ఎప్పుడు కనబడుతుందోనని డాబా ఎక్కి మసీదువాళ్ల కన్నా ముందు వెతుకుతుంది. క్రిస్మస్‌కి నక్షత్రం కడుతుంది. ఆ దంపతులకి ఎంత భక్తండీ, సర్వమతాలూ ఒక్కటే వాళ్లకి అని వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. కమిషనరు గారి చెవిన కూడా పడిందట, ఇది తమ విభాగం సాధించిన సామరస్యమేనని వార్షిక నివేదికలో రాయించారట.

ఈ ఏడు దీపావళి ఆదివారం పడింది. వేరే రోజు పడి ఉంటే, ఆదివారంతో పాటు మాకు దక్కవలసిన అదనపు సెలవు అది. ఊరంతా టపాకాయలు కాల్చుకుంటుంటే హైమ కేలండరు ముందు నిలబడి కళ్లు ఒత్తుకుంది. ఆ రోజు మా ఇంట్లో దీపం పెట్టలేదు.